హజ్‌లో నడిచేది మనం, సామాను మోసేదెవరు?

మన అల్లవరం, అమలాపురం వైపు ఊళ్లలో ఎవరైనా హజ్‌కు వెళ్తున్నారంటే నెల ముందునుంచే ఆ ఇంట్లో సామాను పోగవుతుంది. ఒకరు ఆవకాయ డబ్బా తెస్తారు, ఒకరు అప్పడాలు, ఇంకొకరు ఆత్రేయపురం పూతరేకులు. ఖాలా ఎండుచేపలు వేయించి ఇస్తుంది. కొబ్బరినూనె అయితే అడగక్కర్లేదు, సీసాలకు సీసాలే. అందరూ ప్రేమగా ఇచ్చేవే. కాదంటే బాధపడతారు. చివరికి సూట్‌కేసు మూత పడక ఇద్దరు పిల్లలు పైన కూర్చుంటే గానీ జిప్పు పడదు.

వీసా, ఇంజెక్షను, రియాళ్లు, ఇహ్రాం గుడ్డ, అన్నీ అడుగుతారు. సామాను సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఏ బ్యాగు ఎవరు మోస్తారు, ఎక్కడిదాకా మోస్తారు, ఎక్కడినుంచి మన భుజం మీదికి వస్తుంది? హజ్ అసలు రోజులు అయిదారే. ఆ రోజుల్లో పెద్దవాళ్లు కూడా ఎంతో కొంత దూరం నడవాల్సిందే. మక్కా నుంచి మీనా సుమారు 7, 8 కిలోమీటర్లు. మీనా నుంచి అరఫాత్ సుమారు 14. అరఫాత్ నుంచి ముజ్దలిఫా 8, 9. అక్కడినుంచి మళ్లీ మీనా నాలుగైదు. బస్సులుంటాయి, కొంతమందికి మషాయిర్ రైలు ఉంటుంది. కానీ బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుని గంటలు గడిచిపోతే దిగి నడిచేవాళ్లు ఏటా ఉంటారు. గుడారం నుంచి జమరాత్‌కు వెళ్లి రావడం అయితే చాలామందికి కాలినడకే. అందుకే ఈ సామాను సంగతి ఇంట్లో ఉండగానే తేల్చుకోవాలి.

ముందు పెద్ద సూట్‌కేసు దారి చూద్దాం. హజ్ కమిటీ ద్వారా వెళ్లేవాళ్లకు ఇటీవలి ఏళ్లలో 20 కిలోల చొప్పున రెండు సూట్‌కేసులు, చేతిలో 7 కిలోల బ్యాగు ఒకటి అన్నది లెక్క. ఏ ఏడాదికాయేడు సర్క్యులర్ వస్తుంది, దాన్నే నమ్మండి. పోయినేడు వెళ్లొచ్చిన పక్కింటి హాజీసాబ్ మాట కాదు. మన కోనసీమకు రైలు లేదు కాబట్టి అమలాపురం మీదుగా బస్సో కారో మాట్లాడుకుని ఎంబార్కేషన్ ఊరికి చేరాలి. 2023లో విజయవాడ గన్నవరం నుంచి కూడా హజ్ విమానాలు మొదలయ్యాయి గానీ, మీకు ఏ ఊరు కేటాయించారో మీ కాగితంలోనే చూసుకోవాలి. ఇంటి నుంచి హజ్ క్యాంపు దాకా సామాను బాధ్యత పూర్తిగా మనదే. కారు డిక్కీలో రెండు కుటుంబాల సామాను పట్టదని బయలుదేరే రోజు పొద్దున తెలిసిన ఇళ్లు నాకు తెలుసు.

క్యాంపులో సూట్‌కేసులు తీసుకుని ట్యాగ్ వేస్తారు. అక్కడితో వాటికీ మనకూ సెలవు. మళ్లీ కనిపించేది జెద్దాలోనో మదీనాలోనో విమానం దిగి, బిల్డింగుకు చేరాకే. మనం ఒక బండిలో, సామాను ఇంకో బండిలో వెళ్తాయి. 2024లో మొదటిసారి మన దేశపు హాజీలు కొందరిని జెద్దా నుంచి మక్కాకు హరమైన్ రైల్లో తీసుకెళ్లారు. మనిషి రైల్లో, సూట్‌కేసు రోడ్డు మీద. మనకంటే అవి ముందూ రావచ్చు, వెనకా రావచ్చు. ఒక్కోసారి మర్నాడు వస్తాయి. మా చాచాకు అలాగే జరిగింది. షుగరు మాత్రలు పెద్ద సూట్‌కేసులో పెట్టుకున్నారు. అది వచ్చేసరికి ఒకటిన్నర రోజు. అల్లాహ్ దయవల్ల గదిలో తోటి హాజీ దగ్గర అవే మాత్రలు ఉన్నాయి.

కాబట్టి మొదటి జాగ్రత్త ఇది. చేతిలో ఉండే చిన్న బ్యాగులో రెండు రోజులు గడిచిపోయేంత ఉండాలి. వారం రోజుల మందులు, డాక్టరు చీటీ, ఒక జత బట్టలు, చెప్పులు, ఫోను చార్జరు, కాస్త తినడానికి. జెద్దాలో దిగేవాళ్లయితే ఇహ్రాం ముందే కట్టుకుని ఉంటారు. మదీనాకు ముందు వెళ్లేవాళ్లు ఇహ్రాం గుడ్డ సూట్‌కేసులో పెట్టుకోవచ్చు. పాస్‌పోర్టు, అక్కడ ఇచ్చే నుసుక్ కార్డు, డబ్బు మాత్రం ఏ బ్యాగులోనూ వద్దు. మెడలో, నడుముకు, ఒంటి మీదే ఉండాలి.

బిల్డింగు కింద లాబీలో రెండు మూడు వందల సూట్‌కేసులు గుట్టగా పడేసి ఉంటాయి. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు. గుర్తు కోసం అందరూ పచ్చ రిబ్బనే కడతారు, మనకు పచ్చ అంటే ఇష్టం కదా. అక్కడికి వెళ్లి చూస్తే మొత్తం పచ్చ రిబ్బన్లే! దానికంటే సూట్‌కేసుకు నాలుగు వైపులా పెయింటుతో పెద్ద ఇంగ్లిషు అక్షరాల్లో పేరు, కవర్ నంబరు, ఎంబార్కేషన్ ఊరు రాయించండి. అది అక్కడి పనివాళ్ల కోసం. మన కళ్ల కోసం ఒక వైపు తెలుగులో ‘అల్లవరం’ అని రాయండి. గుట్టలో తెలుగు అక్షరం దూరం నుంచే కనిపిస్తుంది, చదువు అంతగా రాని అమ్మమ్మ కూడా ఆ ఆకారం గుర్తుపడుతుంది. సర్దాక సూట్‌కేసుకు ఒక ఫొటో తీసి ఫోనులో పెట్టుకోండి. హజ్ సువిధ యాప్‌లో సామాను వివరాలు, ఫిర్యాదు చేసే చోటు ఉన్నాయి. అది మీ ఫోనులో వేసి వాడటం పిల్లలతో ముందే నేర్పించుకోండి. సామాను రాకపోతే ముందు మీ రాష్ట్రం నుంచి వచ్చిన హజ్ ఇన్‌స్పెక్టరుకు చెప్పాలి. సొంతంగా టాక్సీ మాట్లాడుకుని ఎయిర్‌పోర్టుకు పోవద్దు.

ఇక్కడే ఇంకో మాట. ఎవరి పొట్లమూ మన సూట్‌కేసులో పెట్టనివ్వకూడదు. జెద్దాలో మా అబ్బాయి ఉన్నాడు, ఈ చిన్న కవరు ఇవ్వండి అంటారు. గల్ఫ్‌లో మనవాళ్లు లేని ఊరు మన కోనసీమలో లేదు కాబట్టి ఈ అడగడం ప్రతి హాజీకీ ఎదురవుతుంది. మొహమాటపడితే ఇరుక్కునేది మీరే. గసగసాలు మన వంటింట్లో మామూలు సరుకు. సౌదీలో అది మత్తు పదార్థాల జాబితాలో ఉంది, దొరికితే జైలే. ఇంట్లో ఆడించిన మసాలా పొడిలో గసగసాలు కలిశాయేమో చూసుకోండి. మసాలా కావాలంటే అక్కడ దొరుకుతుంది.

ఇప్పుడు అసలు రోజులకు వద్దాం. జుల్‌హిజ్జా 8న మీనా, 9న అరఫాత్, ఆ రాత్రి ముజ్దలిఫా, 10న జమరాత్, ఖుర్బానీ, తల గొరిగించుకోవడం, తవాఫ్. 11, 12 మళ్లీ మీనా, కొందరికి 13 కూడా. ఈ రోజుల్లో పెద్ద సూట్‌కేసులు మక్కాలో గదిలోనే ఉంటాయి. మీనాకు తీసుకెళ్లేది భుజానికి తగిలించుకునే ఒక్క బ్యాగే. అక్కడ ఏ లారీ రాదు, ఏ కూలీ ఉండడు. ఉంటాడని నమ్మి వెళ్తే కష్టం.

ఆ ఒక్క బ్యాగు ఎంత బరువుండాలి? నా లెక్క నాలుగు కిలోలు, నీళ్లతో కలిపి అయిదు. అరవై దాటినవాళ్లకు మూడు చాలు. ఇది ఎక్కడా రాసిపెట్టిన నియమం కాదు, వెళ్లొచ్చినవాళ్ల భుజాలు చెప్పిన మాట. ఇంకో జత ఇహ్రాం, ఆడవాళ్లకు ఒక జత బట్టలు, పల్చటి చాప, గాలి ఊదే చిన్న దిండు, వాసన లేని సబ్బు, టవలు, మందులు, ఓఆర్ఎస్ పొట్లాలు, గొడుగు, నీళ్ల సీసా, చిన్న దువా పుస్తకం, చార్జ్ చేసి పెట్టుకున్న పవర్ బ్యాంకు. అంతే. మీనాలో భోజనం ఇస్తారు. ఆవకాయ డబ్బా మక్కా గదిలోనే మీ కోసం ఎదురుచూస్తుంది, అది పాడయ్యేది కాదు.

భార్యాభర్తలు వెళ్తే ఇద్దరి సామాను ఒకే బ్యాగులో పెట్టి ఆయన మోస్తాననడం మన ఇళ్లలో మామూలే. అలా చేయొద్దు. అరఫాత్‌లోనో ముజ్దలిఫాలోనో జనంలో విడిపోతే ఒకరి దగ్గర చాప, మందులు రెండూ ఉంటాయి, ఇంకొకరి చేతులు ఖాళీ. ఎవరి మందులు, ఎవరి నీళ్లు, ఎవరి కార్డు వాళ్ల దగ్గరే ఉండాలి. బ్యాగు చిన్నదైనా రెండుండాలి.

చక్రాల బ్యాగు తీసుకెళ్తే మోయక్కర్లేదు కదా అని కొందరంటారు. ముజ్దలిఫా అంటే ఆకాశం కింద చాపలు పరుచుకుని పడుకున్న లక్షల జనం. వాళ్ల మధ్య చక్రాలు లాగే చోటు ఎక్కడుంటుంది? రెండు భుజాలకూ తగిలించుకునే బ్యాగే మేలు, చేతులు ఖాళీగా ఉంటాయి. ఇహ్రాంలో కుట్టిన బట్ట వేసుకోకూడదు కదా, కుట్టిన బ్యాగు తగిలించుకోవచ్చా అని మా మస్జిదులో ఒకాయన అడిగారు. బ్యాగు, నడుము బెల్టు ఒంటికి తొడుక్కునే బట్టల కిందికి రావు, వాటికి అభ్యంతరం లేదని ఉలమాలు చెబుతారు. మగవాళ్లు తల కప్పకుండా చూసుకోవాలి. బరువు తలకెత్తుకోవాల్సి వస్తే ఎలా అనేది మీ ఆలిమ్‌సాబ్‌ను ముందే అడిగి పెట్టుకోండి. తలకెత్తుకునేంత బరువే లేకపోతే ఆ ప్రశ్నే రాదనుకోండి.

8న మీనా గుడారంలో బ్యాగు దింపుతాం. 9న అరఫాత్‌కు వెళ్లేటప్పుడు మొత్తం బ్యాగు మోసుకెళ్లక్కర్లేదు. 10న తిరిగి అదే గుడారానికి వస్తాం కాబట్టి బట్టలు, సబ్బు, ఆ రోజుకు అక్కర్లేనివన్నీ కవర్లో కట్టి పేరు రాసి అక్కడే వదిలేయొచ్చు. విలువైనవి వదలకూడదు, అంతే. అరఫాత్, ముజ్దలిఫాలకు చాప, నీళ్లు, మందులు, గొడుగు, కాస్త ఖర్జూరం చాలు. ముజ్దలిఫాలో ఏరే రాళ్లు 49, 13 దాకా ఉండేవాళ్లకు 70. శనగగింజకంటే కాస్త పెద్దవి. వాటికి చిన్న గుడ్డ సంచి ఇంట్లోనే కుట్టించుకోండి. అరఫాత్ నుంచి ముజ్దలిఫా మీదుగా మీనా దాకా నడిచేవాళ్లకే వేసిన దారి ఉంది, బండ్లు రావు. అక్కడక్కడా నీళ్లు చిమ్మే స్తంభాలు, కూర్చునే చోట్లు ఉన్నాయి. నడవాలనుకుంటే ఆ దారినే నడవండి, బస్సుల రోడ్డు మీద కాదు.

10న తెల్లవారాక ముజ్దలిఫా నుంచి బయలుదేరినప్పుడు చాలామంది చేసే తప్పు, భుజాన బ్యాగుతో నేరుగా జమరాత్‌కు పోవడం. ముందు గుడారానికి వెళ్లాలి. సామాను దింపాలి. కాస్త నీళ్లు తాగి, గ్రూపుకు ఇచ్చిన టైముకు ఖాళీ చేతులతో, ఆ రోజుకు కావాల్సిన ఏడు రాళ్లతో జమరాత్‌కు వెళ్లాలి. బ్యాగులతో వస్తే అక్కడి సిపాయిలు ఆపుతారు. కొన్నిసార్లు బ్యాగు తీసి పక్కన పడేస్తారు, తిరిగి దొరకడం కల్ల.

ఎందుకంత కఠినం అనిపిస్తుంది. 2006 జనవరి 12 గుర్తున్నవాళ్లకు అనిపించదు. ఆ రోజు జమరాత్ వంతెన మొదట్లో జనం ఒకరి మీద ఒకరు పడి 346 మంది చనిపోయారు. దారిలో పడిన సామాను కాళ్లకు అడ్డం తగిలి ముందువాళ్లు పడిపోయారు, వెనకనుంచి జనం తోసుకొస్తూనే ఉన్నారు అని సౌదీ అధికారులు చెప్పారు. ఎవరో వదిలేసిన మూట, జారిపడిన బ్యాగు, అంతే. ఆ తర్వాత పాత వంతెన కూలగొట్టి, వెళ్లే దారి వేరు, వచ్చే దారి వేరుగా అంతస్తుల వంతెన కట్టారు. సామాను మీద పట్టు బిగించారు. మన బ్యాగు మనకే కాదు, వెనక నడిచే వందమందికీ సంబంధించినది.

రెండో సంగతి ఎండ. 2024 హజ్‌లో మక్కాలో వేడి 51 డిగ్రీలు దాటింది. 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రకటించింది. వాళ్లలో ఎక్కువమంది అనుమతి లేకుండా వచ్చి, గుడారం, బస్సు ఏదీ లేక ఎండలో దూరాలు నడిచినవాళ్లు. ఆ ఏడాది వేర్వేరు కారణాలతో మనదేశపు హాజీలు 98 మంది చనిపోయారని మన విదేశాంగ శాఖ చెప్పింది. హజ్ ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కాబట్టి ఎండ కాస్త తగ్గుతూ వస్తుంది గానీ మే నెల మక్కా ఎలాగూ మే నెల మక్కానే. ఆ ఎండలో ప్రతి కిలో బరువూ గుండె మీద పడుతుంది.

సామాను వేరే పంపించి తాను తేలిగ్గా నడవడం సుఖం కోరుకోవడమేమో, హజ్ పుణ్యం తగ్గుతుందేమో అని కొందరు పెద్దవాళ్లకు లోపల ఒక గుంజాటన ఉంటుంది. బుఖారీలో ఇబ్ను అబ్బాస్ (రజి) చెప్పిన మాట ఉంది. ముజ్దలిఫా రాత్రి దైవప్రవక్త (స) ఆయన్ను సామానుతో పాటు ముందుగా మీనాకు పంపించారు. కుటుంబంలో బలహీనులను కూడా అలాగే ముందు పంపారు. అంటే సామాను ముందు వెళ్లడం, మనుషులు తర్వాత నడవడం ఆ హజ్‌లోనే జరిగింది. ఇంకో సంఘటన అబూదావూద్‌లో ఉంది, అస్మా (రజి) చెప్పింది. ఆ ప్రయాణంలో దైవప్రవక్త (స), అబూబక్ర్ (రజి) ఇద్దరి సామానూ ఒకే ఒంటె మీద ఉంది, అబూబక్ర్ (రజి) సేవకుడు దాన్ని తోలుకొస్తున్నాడు. అందరూ ఎదురుచూస్తుంటే ఆయన ఉత్త చేతులతో వచ్చాడు. ఒంటె రాత్రి తప్పిపోయింది! ఉన్నది ఒక్క ఒంటె, దాన్నీ పోగొట్టావా అని అబూబక్ర్ (రజి) అతని మీద చెయ్యి చేసుకున్నారు. దైవప్రవక్త (స) చిరునవ్వు నవ్వుతూ, ఇహ్రాంలో ఉన్న ఈయన ఏం చేస్తున్నారో చూడండి అన్నట్టుగా అన్నారు, అంతకు మించి ఏమీ అనలేదు. లాబీలో సూట్‌కేసు కనపడక ఇన్‌స్పెక్టరు మీద కేకలేసే ముందు ఈ సంగతి గుర్తు చేసుకుంటే మంచిది.

అలాగని ఏమీ తీసుకెళ్లకుండా అల్లాహ్ మీద భారం వేసి వెళ్లడమూ కాదు. యెమన్ వాళ్లు కొందరు అలాగే ఉత్త చేతులతో హజ్‌కు వచ్చి, మక్కాలో జనాన్ని అడుక్కునేవారట. ఆ సందర్భంలోనే ప్రయాణానికి కావాల్సింది వెంట తీసుకెళ్లమన్న ఆదేశం బఖరా సూరా 197వ ఆయత్‌లో వచ్చిందని ఇబ్ను అబ్బాస్ (రజి) చెప్పారు.

నడిచే యాత్రికుడి సామాను వేరే బండిలో పంపడం ఇప్పుడు అన్నిచోట్లా ఉంది. మన పక్కింటివాళ్లు తిరుమల కొండెక్కేటప్పుడు అలిపిరిలో బ్యాగులు ఇచ్చి రసీదు తీసుకుంటారు, పైన రసీదు చూపించి తీసుకుంటారు, డబ్బులు లేవు. మూడువేల అయిదొందల మెట్లు ఖాళీ చేతులతో ఎక్కుతారు. స్పెయిన్‌లో శాంతియాగో యాత్రకు వందల కిలోమీటర్లు నడిచేవాళ్ల బ్యాగును అక్కడి పోస్టాఫీసే పొద్దున తీసుకుని మధ్యాహ్నానికి రాత్రి బస చేసే ఊళ్లో దింపుతుంది. హజ్‌లోనూ మలేషియా, ఇండోనేషియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ లాంటి దేశాలకు ‘మక్కా రూట్’ అని ఒక ఏర్పాటు ఉంది. ఇమిగ్రేషన్ అంతా సొంత దేశం ఎయిర్‌పోర్టులోనే అయిపోతుంది, సామాను నేరుగా గదికి చేరుతుంది. ఏటా ఎక్కువమంది హాజీలను పంపే దేశాల్లో ఒకటైన మన దేశం 2025 దాకా ఆ జాబితాలో లేదు. ఈ సంగతి మన ప్రతినిధులు గట్టిగా అడగాల్సింది. అరవై దాటిన హాజీలకు అదెంత మేలో చెప్పక్కర్లేదు.

ప్రైవేటు టూర్‌తో వెళ్లేవాళ్లు డబ్బు కట్టే ముందే నాలుగు మాటలు అడిగి కాగితం మీద రాయించుకోండి. ఎయిర్‌పోర్టు నుంచి గదికి సామాను ఎవరు చేరుస్తారు? మక్కా నుంచి మదీనాకు వెళ్లేటప్పుడు? హజ్ రోజుల్లో గది మారుస్తారా? మారిస్తే మనం మీనాలో ఉండగా మన సూట్‌కేసులు ఎవరి అధీనంలో ఉంటాయి? ఈ చివరిదే ముఖ్యం. కొన్ని ప్యాకేజీల్లో హజ్‌కు ముందు హరమ్ దగ్గర హోటలు, హజ్ రోజులకు దూరంగా వేరే బిల్డింగు ఇస్తారు. ఆ మార్పు రోజున సామాను తడబడుతుంది. సామాను ఇచ్చిన ప్రతిసారీ ఎన్ని బ్యాగులో రాసిన చీటీ తీసుకోండి, నోటిమాట వద్దు.

హరమ్‌కు వెళ్లేటప్పుడు పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు. చిన్న సంచులు ఉచితంగా భద్రపరిచే చోట్లు మస్జిద్ బయట ఉన్నాయి, తూర్పు వైపు మక్కా లైబ్రరీ దగ్గర ఒకటి. మందులు, డబ్బు అందులో పెట్టకూడదు.

తిరుగు ప్రయాణంలో చాలాసార్లు ఎయిర్‌లైన్ వాళ్లే విమానానికి ఒకటి రెండు రోజుల ముందు బిల్డింగుకు వచ్చి సూట్‌కేసులు తూకం వేసి తీసుకెళ్తారు. ఆ పూట ఖర్జూరాల బరువు బయటపడుతుంది. జమ్‌జమ్ నీళ్లు సూట్‌కేసులో పెట్టొద్దు, స్కానింగులో పట్టుకుని బ్యాగు విప్పుతారు. హజ్ కమిటీ హాజీకి 5 లీటర్ల డబ్బా ఇక్కడ దిగాక ఎయిర్‌పోర్టులోనే ఇస్తారు.

బయలుదేరడానికి నెల ముందు ఒక పని చేయండి. మీనా బ్యాగును నిజంగా సర్దండి, నీళ్ల సీసాతో సహా. ఊళ్లో కిరాణా కొట్టు కాటా మీద పెట్టి తూకం చూడండి. ఫజర్ నమాజు తర్వాత అది భుజాన వేసుకుని, అక్కడ వేసుకోబోయే చెప్పులతోనే, కాలవ గట్టు మీద ఒక గంట నడవండి. మర్నాడు మళ్లీ. మూడో రోజుకు బ్యాగులోంచి ఏది తీసేయాలో మీకే తెలుస్తుంది. మా అత్తమ్మ మొదట తీసేసింది ఇనప తాళం, రెండోది అద్దం.